నల్ల దారం ముక్కలు

మార్చి 3

బుడ్డోడికి అక్క రాసేది,

చేతిలో ఫోన్ పెట్టుకుని ఈ ఉత్తరాలేమిటని నవ్వుకో, ఫరవాలేదు. మాకున్నది ఒక గది, దాని వెనక ఒక షెడ్డు, రెంటికీ మధ్య ఒక కర్టెను. ఫోన్లో నేనెంత గుసగుసలాడినా మీ బావకి వినపడుతుంది. వినపడనట్టు ఆయన పెట్టే మొహం నేను చూడలేను. ఉత్తరమైతే కుట్టుమిషన్ మీద పెట్టుకుని రాస్తాను, సీటు కవర్ల కొలతలు రాసుకుంటున్నాననుకుంటారు.

లారీ బోల్తాపడ్డ రోజు క్యాబిన్లో ఆయన పక్కన నేనూ ఉన్నానని నీకు తెలుసు. నాకు మోచేతి మీద కుట్లతో పోయింది. ఆయనకు నడుము నుంచి కిందికి చలనం లేకుండా పోయింది. ఈ రెండేళ్లుగా ఆయన లోకమంతా మంచం దగ్గర మొదలై షెడ్డు షట్టరు దగ్గర ఆగిపోతుంది. ఆ షట్టరు దాటి వీధిలోకి కుర్చీ చక్రం పెట్టింది లేదు. ఎత్తి ఆటోలో కూర్చోబెడతామంటే, మూటలా మోయించుకోనంటారు. అందుకే చక్రాల కుర్చీతో సహా నేరుగా ఎక్కి, చేతులతోనే నడుపుకునే బండి మేమే కట్టుకుంటున్నాం. ఇనప గొట్టాల ఫ్రేము ఆయన పాత స్నేహితుడు వెల్డరు చేసిపెట్టాడు. ఇంజను ఎక్కింది. చేతి హ్యాండిల్‌తో బ్రేకూ యాక్సిలరేటరూ పనిచేస్తున్నాయి. ఇక దాని ఒంటికి బట్ట కట్టాలి. పక్కలకు అల్యూమినియం రేకు, ముందూ వెనకా ఫైబర్.

ఈ ప్యానెళ్లను దేనితో అంటించాలన్నదే ఇప్పుడు గొడవ. మీ బావ రివెట్లు కొడదామంటారు. వెల్డరు ఎపాక్సీ అంటాడు. కొట్టువాడు తన దగ్గర ఏది అమ్ముడుపోకుండా ఉందో అదే గొప్పదంటాడు. నువ్వేమో బస్సుల ఫ్యాక్టరీలో గ్లూలు పరీక్షించే గదిలో కూర్చుంటావు. ఒక్క మాటలో తేల్చి చెప్పు. ఆయన్ని ఈ షెడ్డు దాటించాలి రా, నాకు కావలసింది అంతే.

అక్క

మార్చి 11

అక్కా,

ఒక్క మాటలో చెప్పమన్నావని నాలుగు పేజీలు రాసి మూడు చింపేశాను.

రివెట్లు వద్దు. ఫైబర్‌కి రంధ్రం పెడితే ఆ చుట్టూ పగుళ్లు మొదలవుతాయి. వెల్డరు చెప్పిన ఎపాక్సీ గట్టిదే, కానీ మరీ మొండిది. ఎండలో అల్యూమినియం సాగినంతగా ఇనప ఫ్రేము సాగదు. మధ్యనున్న గ్లూ ఆ ఇద్దరికీ సర్దిచెప్పుకోవాలి. ఎపాక్సీకి సర్దిచెప్పడం రాదు, ఏదో ఒక రోజు టప్పున వదిలేస్తుంది. మేం బస్సులకు వాడేది పీయూ గ్లూ, అంటే పాలీయురెథేన్. ఆరాక కాస్త రబ్బరులా ఉండి కుదుపుల్ని మింగుతుంది. అందులో రెండు గొట్టాలవి, గన్‌లోంచి కలిసి వచ్చే రకం తీసుకో. పూసిన పది నిమిషాల్లో ప్యానెల్‌ని దాని చోట్లో పెట్టెయ్యాలి. అరగంటలో నిలదొక్కుకుంటుంది. ఆ తరవాత రేకు పాడవకుండా తీయడం ఎవరి వల్లా కాదు, అది ముందే ఆలోచించుకో.

ఏ గ్లూ అయినా సగం పనే చేస్తుంది, మిగతా సగం శుభ్రం చెయ్యడంలోనే ఉంది. స్పిరిట్‌తో తుడువు, ఉప్పుకాగితంతో రుద్దు, మళ్లీ స్పిరిట్‌తో తుడువు, అప్పుడు గ్లూ పట్టడానికి ముందు పూత, ప్రైమర్. తుడిచాక వేలు తగలనివ్వకు. ముందుగా అరచేతి పొడవు రేకు ముక్కలు జతలుగా అంటించి, చివర్న రంధ్రం పెట్టి నాకు పంపు. మెషిన్లో పెట్టి లాగి చూస్తాను. గ్లూ మధ్యలో చిరిగి రెండు వైపులా కరుచుకుని ఉంటే పని బాగున్నట్టు. ఒక వైపు రేకు నున్నగా ఊడొస్తే ఎక్కడో తప్పు జరిగినట్టు.

నా సంగతి ఏముంది. కిటికీ లేని గది, పొద్దున్నుంచి సాయంత్రం దాకా అంటుకున్నవాటిని విడగొట్టడం. బావని అడిగానని చెప్పు.

బుడ్డోడు

ఏప్రిల్ 2

ఒరేయ్ బుడ్డోడా,

విడగొట్టడమే ఉద్యోగంగా పెట్టుకున్నవాడికి సంబంధాలు కుదరట్లేదంటే కుదురుతాయా. ఆ గదిలోంచి బయటపడి ఏదన్నా అతికించే పని చూసుకో.

డబ్బాలో ముక్కలు పంపుతున్నాను. ఇద్దరం కూర్చుని చేశాం. ఆయన ముక్కల్ని ఒళ్లో గుడ్డ పరుచుకుని, అంచులు సరిచూసుకుని ఎంత ఓపిగ్గా అతికించారనుకున్నావు. లారీ స్టీరింగ్ వదిలాక ఆ చేతులకు నచ్చిన పని దొరకడం నేను ఇప్పుడే చూస్తున్నాను. చూస్తూ కుట్టు తప్పి, ఒక కవరు మొత్తం ఊడదీసుకున్నాను.

మధ్యలో హఠాత్తుగా అడిగారు, "బండి తయారయ్యాక నువ్వెక్కడ కూర్చుంటావు?" అని. "ఎక్కడ కూర్చుంటాను, మీ పక్కనే," అన్నాను. ఆయన తలొంచుకుని ఇంకో ముక్క తీసుకున్నారు. ఆయనకు ఉత్సాహం వచ్చిందనే నాకనిపించింది.

తొందరగా లాగి చెప్పు. ప్యానెళ్లు గోడకు చేరేసి పెట్టాను, మిషన్ దాకా వెళ్లాలంటే పక్కకి తిరిగి నడవాల్సి వస్తోంది. షెడ్డు రోజురోజుకీ ఒంటికి బిగుతవుతోంది.

అక్క

ఏప్రిల్ 10

అక్కా,

ఉన్నది ఉన్నట్టు చెబుతాను, కోపం తెచ్చుకోకు. సగం ముక్కలు బ్రహ్మాండంగా ఉన్నాయి. మిగతా సగం అరటితొక్క ఒలిచినట్టు ఊడొచ్చాయి. అంటే గ్లూది తప్పు కాదు, తుడవడంలో బద్ధకించారు. మా దగ్గర కొత్తవాళ్లు కూడా ఇలాగే చేస్తారు, రెండు ముక్కలు శ్రద్ధగా తుడిచి మూడోదానికి మమ అనిపిస్తారు. రోడ్డు మీద ప్యానెల్ ఊడితే వెనకొచ్చేవాడి మొహాన పడుతుంది.

మళ్లీ చేసి పంపు. ఏది ఎవరు చేసిందో తెలిసేలా గుర్తు పెట్టు.

బుడ్డోడు

ఏప్రిల్ 19

తమ్ముడికి,

బద్ధకమా. నేను ఒక చేత్తో బండెడు కవర్లు కుట్టి, ఇంకో చేత్తో వంట చేసి, ఆయనకు స్నానం చేయించి, మిగిలిన కాసేపట్లో ఈ రేకులు రుద్దుతున్నాను. వేళ్ల చర్మం స్పిరిట్‌కి తెల్లగా పాలిపోయింది. వచ్చి చూసి అప్పుడు అను ఆ మాట.

నువ్వు రాసింది ఆయనకు చదివి వినిపించలేదు. ముక్కలు బాగున్నాయట, ఇంకొన్ని కావాలట అని చెప్పాను. ఆయన నా వైపు అదోలా చూసి, "బాగున్నాయన్నాడా?" అన్నారు.

గుర్తు పెట్టమన్నావు కదా, రంధ్రంలోంచి దారం కట్టాను. ఎర్ర దారం నాది, నల్ల దారం ఆయనది. ఎవరి బద్ధకమో తేల్చుకో.

అక్క

ఏప్రిల్ 28

అక్కా,

బద్ధకం మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఎర్ర దారం ముక్క ఒక్కటీ నున్నగా ఊడలేదు. నీ పని చూసి మా ఇన్‌చార్జి, ఎవరీవిడ, ఉద్యోగంలోకి వస్తారా అని అడిగాడు.

ఊడినవన్నీ నల్ల దారం ముక్కలే. కంగారు పడకు, బావ పనితనానికి వంక పెట్టడం లేదు. నాకున్న అనుమానం సిలికాన్ మీద. మెరుపు కోసం రాసేవాటిలో, కీచుమనకుండా కొట్టేవాటిలో అది ఉంటుంది. కంటికి కనపడదు, చేతికి తెలియదు, కానీ అది తగిలిన చోట ప్రపంచంలో ఏ గ్లూ నిలవదు. బావ కుర్చీ చక్రాలకు ఏదైనా స్ప్రే కొడుతున్నారా? చక్రం తోసిన చేత్తోనే ముక్కలు పట్టుకుంటే ఇలాగే అవుతుంది. షెడ్డులో అలాంటివి ఏమున్నా తీసి పారెయ్యి.

ఇంకో సంగతి. మా దగ్గర ప్రతి ప్యానెల్‌తో పాటు, అదే చేత్తో, అదే గ్లూతో ఒక చిన్న ముక్క కూడా అంటించి పక్కన పెడతాం. సాక్షి ముక్క అంటాం. అతికించాక లోపలేం జరిగిందో ప్యానెల్ చెప్పదు, సాక్షి ముక్క చెబుతుంది. మీరూ అలా చెయ్యండి.

బుడ్డోడు

మే 14

బుడ్డోడా,

నీ నోట్లో చక్కెర పొయ్య. స్ప్రేనే. చక్రాలకు వారానికోసారి నేనే కొడతాను. పట్టుకెళ్లి వెల్డరు ఇంట్లో పడేశాను. మిగతా షెడ్డంతా గాలించాను, మెరిసేదీ జారేదీ ఇంకేమీ లేదు. ఇప్పుడు కుర్చీ కదిలితే చాలు, ఎలకని తొక్కినట్టు కీచుమంటోంది. మీ బావ ఏ మూలకు వెళ్లారో నేను తల తిప్పకుండానే చెప్పగలను. "ఇక దొంగతనంగా కాస్త పొగ తాగడానిక్కూడా లేకుండా చేశావు," అన్నారు. ఎన్నాళ్లకో ఇద్దరం నవ్వుకున్నాం.

స్ప్రే సంగతి చెప్పినప్పుడు మాత్రం మొహం వేలాడేసుకున్నారు. తన వల్లే పాడయ్యాయని బాధ కాబోలు. మళ్లీ చేసిన నల్ల దారాలు పంపుతున్నాను. ఇవి నిలిస్తే వచ్చే నెల మొదట్లో పెద్ద ప్యానెల్ అంటించేస్తాం.

షట్టరు తీసి పెడితే వెలుతురు బాగుంటుందని నేనూ, వీధిలో వాళ్లు చూస్తారని ఆయనా. చివరికి మూసిన షెడ్డులో ట్యూబ్‌లైటు కిందే అన్నీ. నాకు ఈ మధ్య ఊపిరి బిగపట్టుకుని పనిచేయడం అలవాటైపోయింది, అది గ్లూ వాసన వల్ల మాత్రం కాదు.

అక్క

మే 22

అక్కా,

ముక్కలు అందాయి. లాగి చూశాను.

నా మాట విని, ఎందుకని అడక్కుండా ఒక పని చెయ్యి. గ్లూ పనికి బావని కాస్త దూరంగా పెట్టు. రేకులు తుడవడం, పూయడం, పట్టుకోవడం అన్నీ నువ్వూ వెల్డరూ చేసుకోండి. బావకి వైరింగో ఇంకేదో అప్పజెప్పు.

బుడ్డోడు

మే 30

తమ్ముడు గారికి,

మీ సలహా అందింది. కాళ్లు పోయిన మనిషికి చేతులు కూడా పోయాయని మీ మెషిన్ తేల్చింది కాబోలు. ఈ ఇంట్లో ఆయనకు మిగిలినవి ఆ రెండు చేతులే. వాటిని పక్కన పెట్టుకుని కూర్చోమని చెప్పడానికి నాకు నోరు రాదు, మీకెలా వచ్చిందో తెలియదు. ఒకప్పుడు ఆయన లారీ ఎక్కించుకుని ఊళ్లు తిప్పుతుంటే వెనకాల తిరిగింది మీరే.

ఇక ముక్కలు పంపను. గ్లూ ఏదో తెలిసింది, ఎలా పూయాలో తెలిసింది. మిగతాది మేం చూసుకుంటాం. మీ విలువైన సమయం వృథా చేసినందుకు మన్నించాలి.

మీ అక్క

జూన్ 6

అక్కా,

నువ్వు నన్ను మీరు అన్న ఉత్తరాన్ని జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. చెప్పకూడదనుకున్నది చెప్పక తప్పదు.

స్ప్రే తగిలిన చేత్తో పట్టుకుంటే మరకలు అక్కడొకటి, ఇక్కడొకటి ఉండాలి. నల్ల దారం ముక్కల్లో అలా లేవు. ప్రతి ముక్కలోనూ సరిగ్గా నడిమధ్య, వేలి వెడల్పున, ఈ అంచు నుంచి ఆ అంచుకు ఒకే గీత. ఆ గీత మీద మాత్రం గ్లూ పట్టలేదు. స్ప్రే తీసేశాక వచ్చినవాటిలోనూ అదే గీత. అది పొరపాటున అంటుకున్నది కాదక్కా. ప్రైమర్ ఆరాక వేలితో పూసింది.

బావ చేతులు పనికిరావని నేను ఎప్పుడూ అనుకోలేదు. అంత తిన్నగా గీత గీయాలంటే ఎంత నిలకడ ఉండాలి. ఆయన ఎందుకు చేస్తున్నారో నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా, ఆ బండి ఆ షెడ్డు దాటడం ఆయనకు ఇష్టం లేదని. ఇది రాస్తే నువ్వు ఆయన్ని ఏ కళ్లతో చూస్తావోనని భయమేసింది. పొద్దస్తమానం విడగొట్టేవాణ్ణి, మీ ఇద్దరి మధ్యా ఆ పని చేయలేకపోయాను. అందుకే చుట్టూ తిప్పి రాశాను, అది ఇంకోలా తగిలింది.

పెద్ద ప్యానెల్ మాత్రం అంటించకండి. మొదట్లో గట్టిగానే ఉన్నట్టుంటుంది. నాలుగు గతుకులు పడ్డాక ఊడుతుంది. ముందు ఆయనతో మాట్లాడు.

నీ బుడ్డోడు

జూన్ 10

బుడ్డోడా,

నీ ఉత్తరం ఇవాళ పొద్దున వచ్చింది. ప్యానెల్ నిన్ననే అంటించేశాం.

కూర్చుని చదువు, లేచి ఫోన్ దగ్గరికి పరుగెత్తకు.

నిన్న పొద్దున ఆయన నన్నడక్కుండానే కుర్చీ కీచుమనిపించుకుంటూ ఫ్రేము దగ్గరికి వెళ్లారు. ఆయన తుడవాల్సిన అంచంతా మొన్ననే అయిపోయిందని నేననుకున్నాను. ఆయన మళ్లీ మొదలెట్టారు. స్పిరిట్, ఉప్పుకాగితం, కొత్త గుడ్డతో స్పిరిట్, ప్రైమర్. "ఏమిటీ చాదస్తం," అన్నాను. "గ్లవ్స్ ఇవ్వు," అన్నారు. ఇన్నాళ్లూ గ్లవ్స్ వేసుకోమంటే చెమట పోస్తుందన్న మనిషి.

నేను గన్ పట్టుకుని గ్లూ పూస్తూ పోయాను. ఇద్దరం కలిసి రేకుని ఎత్తి అతికించాం. దాన్ని నొక్కిపట్టి ఉంచడానికి ఆయన లారీలో సరుకు కట్టే పాత బెల్టులు చుట్టాను. రెండోది బిగిస్తుంటే పుటుక్కున తెగింది. గ్లూ అప్పటికే పట్టడం మొదలైంది. ఇక చేసేదేముంది. ఆయన ఆ కొసన, నేను ఈ కొసన, నాలుగు అరచేతులూ రేకు మీద పెట్టి ఒత్తుతూ ఉండిపోయాం. వదిలితే ప్యానెల్ జారుతుంది. అరగంట పాటు కదలడానికి లేదు, ఆయన కర్టెను వెనక్కి వెళ్లడానికి లేదు, నేను మిషన్ దగ్గరికి పారిపోవడానికి లేదు.

అప్పుడు చెప్పారు, రేకు వైపే చూస్తూ. "ఆ ముక్కలు పాడుచేసింది నేనే. ఈ అంచు మీద కూడా మొన్న పూశాను. ఇవాళ తుడిచేశాను."

"స్ప్రే వెల్డరు ఇంట్లో ఉంది కదా," అన్నాను. నా నోటికి ముందు వచ్చింది ఆ తిక్క ప్రశ్నే.

"సీటు కవర్లకి నువ్వు రాసే పాలిష్ డబ్బా నీ మిషన్ కిందే ఉందిగా. షెడ్డంతా వెతికావు, నీ కాలి కింద చూసుకోలేదు."

నిజమే రా. రోజూ నా పాదం దానికి తగులుతూనే ఉంటుంది. అది నా పని సామాను, దాన్ని వెతకాల్సిన వస్తువని నేననుకోలేదు.

ఎందుకని అడిగాను. "నువ్వు పక్కన కూర్చుంటానన్నావు. ఆ సీట్లో నిన్ను కూర్చోబెట్టుకుని నేను మళ్లీ బండి నడపలేను. నడపనని చెబితే, నాకోసం ఇంత చేశావు, నీ మొహం చూడలేను. గ్లూ అంటుకోకపోతే బండే తయారు కాదు, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదనుకున్నాను," అన్నారు.

నాకు కోపం రావాలి కదా. వచ్చింది కూడా. కానీ చేతులు తీయడానికి లేదు. తీయగలిగితే ఏదో ఒకటి విసిరికొట్టి లోపలికి పోయేదాన్ని, ఆయన మళ్లీ మూగనోము పట్టేవారు. అక్కడే నిలబడి నేనూ చెప్పాల్సి వచ్చింది. నీకు మార్చిలో రాసింది అబద్ధం కాదు గానీ సగమే. ఆయన్ని షెడ్డు దాటించాలని రాశాను. ఈ రెండేళ్లలో కొట్టుకి తప్ప నేనెక్కడికి వెళ్లాను రా? కవర్లు వాళ్లే తెచ్చిస్తారు, వాళ్లే పట్టుకెళ్తారు. ఆయన్ని వదిలి పోలేను, ఆయన రారు. ఆయనకోసం ఆయనకోసం అని అందరికీ చెబుతూ, నేను బయటపడటానికి ఒక బండి కట్టుకుంటున్నాను. అదే అన్నాను. "ఇది మీకోసం కాదు, నాకోసం. నాకు ఊపిరాడటం లేదు." ఇంత పెద్దగా అన్నానేమో, ట్యూబ్‌లైటు కూడా వణికినట్టయింది.

ఆయన అప్పుడు నా వైపు తిరిగారు. చేతులు రేకు మీదే ఉన్నాయి, మొహం మాత్రం తిరిగింది. "మరి నీకు డ్రైవింగ్ రాదుగా," అన్నారు.

"మీకొచ్చుగా. నేర్పండి. మీరు పక్కన కూర్చోండి."

చేతులతో నడిపే బండిని కాళ్లున్న నేను నేర్చుకోవాలన్నమాట. కుర్చీ బిగించే లాకు డ్రైవరు చోటు నుంచి పక్క చోటికి మార్చాలి. అదృష్టం, దాన్ని గ్లూతో కాక బోల్టులతోనే పెట్టాం.

ఉన్నట్టుండి ఇదంతా ఎందుకు చెప్పారని అడిగితే ఏమన్నారో తెలుసా. "నా మూలంగా నువ్వు బుడ్డోడికి రాయడం మానేశావు. నీకున్న కిటికీ అదొక్కటే, అది కూడా నేనే మూసేశాను." నేను రాసేవి కొలతలు కాదని ఆయనకు మొదటి రోజు నుంచీ తెలుసట. కొలతలు రాస్తూ ఎవరూ నవ్వుకోరు కదా అన్నారు. బుడ్డోడా, నీ మీద విసుక్కున్నందుకు నా మనసు చాలా నొచ్చుకుంది. ఇక ఎప్పుడూ మీరు అనను.

ఇక సాక్షి ముక్క. దాన్ని ఆయనే అంటించారు, నేను చూస్తుండగా, గ్లవ్స్‌తో, అదే గ్లూతో. ఇవాళ నీ ఉత్తరం పైకే చదివాను. అంతా విని, "వాడికి పంపితే వారం పడుతుంది, మనమే లాగి చూద్దాం," అన్నారు. నువ్వు ఇది పరీక్ష కిందికి రాదంటావు, నాకు తెలుసు. ఒక కొస రంధ్రంలోంచి తీగ దూర్చి ఆయన కుర్చీ ముందు గొట్టానికి కట్టాం. రెండో కొసకు తెగిన బెల్టు ముక్క కట్టి నేను పట్టుకున్నాను. వెనక్కి లాగడానికి జాగా లేదని షట్టరు ఎత్తాను.

"కుర్చీకి బ్రేకు వేశారా?" అన్నాను.

"వేశాను. లాగు."

బలమంతా పెట్టి లాగాను. ముక్క ఊడలేదు. ఇంకా లాగాను, కళ్లు మూసుకుని, పళ్లు బిగపట్టి, ఒక్కొక్క అడుగే వెనక్కి వేస్తూ. కీచు కీచుమని వినపడుతూనే ఉంది, నాకది బుర్రకెక్కలేదు. నడినెత్తిన ఎండ చుర్రుమన్నాక కళ్లు తెరిచాను. నేను వీధి మధ్యలో ఉన్నాను. ఎదురుగా ఆయన, కుర్చీలో, ఆ వెలుతురుకి కళ్లు చిట్లించుకుని. షట్టరు ఆయన వెనకాల ఉంది.

ముక్క అలాగే ఉంది, నల్ల దారంతో సహా. కుర్చీ బ్రేకు వైపు చూశాను. అది వేసి లేదు. ఆయన చెయ్యి ఇంకా దాని మీదే ఉంది.

నీ అక్క